పిల్లలలో సెప్టిక్ షాక్: సెలైన్‌కూ కొలత ఉంది

రోగక్రిములతో పోరాడే క్రమంలో శరీరం తన అవయవాలనే దెబ్బతీసుకోవడం సెప్సిస్. దానితోపాటు రక్తప్రసరణ కుంటుపడితే సెప్టిక్ షాక్. పిల్లలలో రక్తపోటు చిట్టచివరగా పడిపోతుంది. కనుక అది బాగుందని ఊరట చెందరాదు. కాళ్ళుచేతులు చల్లబడడం, మగత, మూత్రం తగ్గడం, గోరు నొక్కి వదిలాక 3 సెకన్లు దాటినా ఎరుపు తిరిగి రాకపోవడం ముందుగా కనిపించే గుర్తులు.

షాక్‌ను గుర్తించిన గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వాలని 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చిక్కంతా సెలైన్‌తోనే. బాటిల్ ఎక్కిస్తేనే వైద్యమని నమ్మే బంధువులకు ఇది రుచించకపోవచ్చు. కెన్యా, ఉగాండా, టాంజానియాలలో తీవ్రజ్వరంతో రక్తప్రసరణ మందగించిన 3141 మంది పిల్లలపై జరిగిన ఫీస్ట్ అధ్యయనం 2011లో వెలువడింది. సెలైన్ లేదా ఆల్బుమిన్ వేగంగా ఎక్కించినవారిలో 48 గంటలలో సుమారు 10.6 శాతం, ఎక్కించనివారిలో 7.3 శాతం మరణించారు. అవి ఇంటెన్సివ్ కేర్ లేని ఆసుపత్రులు.

అందుచేత అటువంటి చోట్ల రక్తపోటు పడిపోని బిడ్డకు వేగంగా ద్రవం ఎక్కించవద్దనీ, పడిపోతే కిలో బరువుకు 10–20 మి.లీ. చొప్పున, తొలి గంటలో 40 మి.లీ. మించకుండా ఇవ్వాలనీ ఆ మార్గదర్శకాల సూచన. ఆయాసం హెచ్చినా, కాలేయం ఉబ్బినా ఆపివేయాలి. వాంతులు, విరేచనాలతో నీరు కోల్పోయిన పిల్లల సంగతి వేరు. ఫీస్ట్ వారిని చేర్చుకోలేదు.