జమ్మికాయ కూర, మేకపాల చాయ్, తాళం వేసిన నీళ్లు: థార్ ఎడారిలో దళిత జీవితం

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి 'బంగారం' అని పంచుకుంటాం. తెలంగాణ రాష్ట్ర వృక్షం అదే. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం కూడా అదే. అక్కడ దాన్ని ఖేజ్డీ అంటారు. మనకు ఏడాదికి ఒక్కరోజు గుర్తొచ్చే ఆ చెట్టు బాడ్‌మేర్, జైసల్మేర్ జిల్లాల్లోని మేఘవాల్, భీల్ ఇళ్లలో ఏడాది పొడవునా పొయ్యి మీద ఉంటుంది, మేకల నోట్లో ఉంటుంది, గుడిసె నీడలో ఉంటుంది.

ఎడారి అనగానే మనకు ఒంటెలు, ఇసుక తిన్నెలు, రంగురంగుల తలపాగాలు కనబడతాయి. పర్యాటక శాఖలు చూపించే ఎడారి అది. ఆ బొమ్మలో దళితవాడ ఉండదు. అందుకే ఈ వ్యాసంలో మేము తిండి, మొక్కలు, జంతువులు అనే మామూలు సంగతుల నుంచే మొదలుపెడుతున్నాం. కులం అక్కడే దొరుకుతుంది మరి.

ముందు వాన లెక్క. కరువుకు మారుపేరైన మన అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జైసల్మేర్‌లో 200 కూడా దాటదు. అదీ జూలై నుంచి సెప్టెంబరు లోపు, కొన్ని రోజుల్లోనే. భూగర్భజలం చాలా చోట్ల లోతుగా ఉంటుంది, దొరికినా ఉప్పగా ఉంటుంది. కాబట్టి తాగేది ప్రధానంగా వాననీళ్లే. దాన్ని పట్టి ఉంచేది 'టాంకా'. నేలలో గుండ్రంగా తవ్వి, సున్నంతోనో సిమెంటుతోనో గచ్చు చేసి, పైన మూత పెట్టిన తొట్టి. దాని చుట్టూ నేలను వాలుగా చదును చేస్తారు. ఆ వాలును 'ఆగోర్' అంటారు. పడిన ప్రతి చుక్కా దాని మీదుగా జారి, గోడకున్న కంతల్లోంచి లోపలికి పోతుంది. వానాకాలానికి ముందు ఆగోర్ ఊడ్చి శుభ్రం చేస్తారు, దాని మీదికి చెప్పులతో ఎవరినీ రానివ్వరు.

చిన్న లెక్క వేద్దాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 200 చదరపు మీటర్ల ఆగోర్ మీద 150 మిల్లీమీటర్లు పడితే 30 వేల లీటర్లు. సగం ఇసుకలో ఇంకిపోయిందనుకున్నా 15 వేలు మిగులుతాయి. ఆరుగురున్న ఇల్లు తాగడానికీ వండుకోవడానికీ మనిషికి పది లీటర్లు వాడితే 250 రోజులు వస్తాయి. బాగానే ఉందే అనిపిస్తుంది. కానీ పది మేకలు ఎండాకాలంలో రోజుకు నలభై యాభై లీటర్లు తాగుతాయి. వాటిని కలిపితే నాలుగైదు నెలలకే టాంకా అడుగు కనబడుతుంది. ఆ తర్వాత ట్యాంకరు కొనాలి, లేదా నడవాలి. నడిచేది ఆడవాళ్లే.

అందుకే అక్కడ నీళ్లు ఒకసారి వాడి పారబోసేవి కావు. గిన్నెలు ముందు ఇసుకతోనో బూడిదతోనో తోముతారు. నులకమంచం మీద కూర్చుని స్నానం చేస్తే, కిందపెట్టిన పళ్లెంలో పడిన నీళ్లు పశువులకో చెట్టు మొదటికో పోతాయి. పెరటి తోట అంటే మనకు గుర్తొచ్చే కరివేపాకు, టమాటా, గులాబీ కుండీలు అక్కడ ఉండవు. రేగుకంప కొట్టి ఇంటి చుట్టూ దడి కడతారు. దడి లోపల ఒక జమ్మి, ఒక రేగు బతికితే అదే తోట.

అసలు తోట వానాకాలపు చేనే. ఒకే చేలో సజ్జ, గోరుచిక్కుడు, పెసర, మోఠ్ అనే చిన్న పప్పు, నువ్వు కలిపి చల్లుతారు. వాటి మధ్య పుచ్చ తీగలు, కాచ్రీ తీగలు నేల మీద పాకుతాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు సాగుచేసే కలగలుపు పంటలు చూసినవాళ్లకు ఇందులో కిటుకు తెలుసు. వాన ముందుగా ఆగిపోతే సజ్జ పోవచ్చు, మోఠ్ నిలుస్తుంది. అన్నీ పోతే గడ్డయినా మేకకు మిగులుతుంది. కాచ్రీ మన చేలల్లో దొరికే బుడమకాయకు దగ్గరి చుట్టం. మనం బుడమకాయల్ని ఒరుగులు పెట్టినట్టే వాళ్లు కాచ్రీని కోసి ఎండబెట్టి, కూరలో పులుపుకు వాడతారు. గోరుచిక్కుడు సంగతి ఇంకా విచిత్రం. దాని గింజల నుంచి తీసే జిగురును అమెరికాలో చమురు, గ్యాస్ బావుల్లో రాతిని చీల్చే ద్రవంలో కలుపుతారు. 2012 ప్రాంతంలో దాని ధర ఆకాశాన్నంటింది, తర్వాత అంతే వేగంగా కూలింది. పొలమున్నవాళ్లు కొందరు ట్రాక్టర్లు కొన్నారు. కూలికి కోసినవాళ్లకు దక్కింది కూలే.

తిండిలో సజ్జరొట్టె, మజ్జిగ, ఎండుమిరపకాయ, వెల్లుల్లి పచ్చడి రోజువారీవి. సజ్జపిండిని మజ్జిగలో కలిపి పులియబెట్టి కాచే 'రాబ్' మన సజ్జ అంబలే. ఎండాకాలంలో చలవ, చలికాలంలో వేడివేడిగా. దేశంలో సజ్జలు ఎక్కువగా పండించే రాష్ట్రం రాజస్థాన్. అయినా రేషన్ దుకాణంలో ఎక్కువగా ఇచ్చేది గోధుమలే. మేకపాలతో చాయ్ కాస్తారు. ఆ చాయ్ ఎవరు ఎవరింట్లో తాగుతారన్నది వేరే కథ.

ఏప్రిల్, మే నెలల్లో, చేలన్నీ బోడిగా ఉన్నప్పుడు, వాన చుక్క లేకుండానే జమ్మి కాస్తుంది. లేతకాయలను 'సాంగ్రీ' అంటారు. ముదరకముందే కోసి, ఉడకబెట్టి, ఎండబోసి డబ్బాల్లో దాస్తారు. కేర్ అనే ముళ్లపొద కాయలు చేదు. వాటిని ఉప్పునీళ్లలోనో మజ్జిగలోనో రోజుల తరబడి నానబెట్టి చేదు విరగ్గొడతారు. తుమ్మజాతికి చెందిన కుమట్ గింజలు, బంకనక్కెర కాయలు, మామిడి ఒరుగు కూడా చేరితే 'పంచ్‌కుటా' అనే కూర అవుతుంది. ఎండిన దినుసులు కాబట్టి నెలల తరబడి నిలవ ఉంటాయి. 1899-1900 నాటి 'ఛప్పనియా' కరువులో జమ్మి బెరడునే దంచి పిండి చేసుకుని తిని జనం ప్రాణాలు నిలుపుకున్నారు.

ఇప్పుడదే సాంగ్రీ నగరాల్లో కిలో వెయ్యి రూపాయలు దాటి అమ్ముడవుతోంది. పెద్ద హోటళ్ల మెనూలో అది 'రాచ వంటకం'. మాకు ఇది నవ్వూ కోపమూ కలిసి తెప్పించే సంగతి. ముళ్లలో చేతులు పెట్టి కోసే ఆడవాళ్లు, చెట్టెక్కి కొమ్మలు కొట్టే మేకల కాపరులు కనిపెట్టి నిలబెట్టుకున్న కరువు తిండి అది. పేరు మాత్రం రాజులకు పోయింది.

ఇక జంతువులు. భూమి లేని ఇంటికీ నాలుగు మేకలుంటాయి. మేకలకు పేర్లుంటాయి, చలిరాత్రి పిల్లలు గుడిసె లోపలే పడుకుంటాయి, వాకిట్లో కుక్క నక్కల్ని కాస్తుంది. పెంపుడు జంతువు, బతుకుతెరువు అని వేర్వేరు గీతలు అక్కడ గీయలేం. మేకను కోసుకుని తినడం కంటే అమ్మడమే ఎక్కువ. బిడ్డ ఫీజు, ఆసుపత్రి ఖర్చు, బక్రీద్ ముందు వచ్చే బేరగాడు, ఇవన్నీ మేక చుట్టూ తిరుగుతాయి. చలికాలంలో జమ్మి కొమ్మలు కొట్టి ఎండబెట్టిన ఆకును 'లూంగ్' అంటారు. అదే మేకల దాణా. ఒంటెలు తగ్గిపోతున్నాయి. దేశంలో 2012 పశుగణనలో సుమారు 4 లక్షలున్నవి 2019 నాటికి సుమారు రెండున్నర లక్షలయ్యాయి.

బతికున్న పశువు ఎవరిదైనా, చచ్చిన పశువు మాత్రం ఒకే కులం మెడకు కట్టారు. కళేబరం లాగడం, తోలు ఒలవడం మేఘవాళ్లలో చాలా కుటుంబాలకు వెట్టిగా వచ్చింది. ఆ పని మానేస్తే ఊరు వెలివేసేది, చేస్తే అంటరానివాళ్లనేది. అంబేడ్కర్ పిలుపుతో దేశమంతటా దళితులు ఆ పని వదులుకోవడం ఒక పోరాటంగానే నడిచింది. 2016లో పక్క రాష్ట్రం గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కొట్టాక, ఆ రాష్ట్రంలో కళేబరాలు ఎత్తబోమని దళితులు నిరాకరించింది మనం చూశాం.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి తిరిగి వద్దాం. కులం ఎక్కువగా పనిచేసేది అక్కడే. థార్‌లో ఊరంటే ఒకచోట గుంపుగా ఉండదు. చేలలో విడివిడిగా 'ఢాణీ'లుంటాయి, ఒక్కో ఢాణీకి ఒక్కో కులం పేరు. మన వెలివాడ ఊరి చివర ఉంటే, అక్కడ కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సొంత టాంకా లేని దళిత కుటుంబం ఇంకొకరి టాంకా మూత తీయలేదు. ఎవరో తోడి పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి, లేదా కుండ దూరంగా పెట్టి నిలబడాలి. మన హోటళ్లలోని రెండు గ్లాసుల పద్ధతికి ఇది ఎడారి రూపం. 2022 ఆగస్టులో జాలోర్ జిల్లాలో తొమ్మిదేళ్ల దళిత విద్యార్థి చనిపోయాడు. బడిలో కుండ ముట్టుకున్నందుకు ఉపాధ్యాయుడు కొట్టాడని కుటుంబం ఆరోపించింది, బడి వైపు వాళ్లు కాదన్నారు. ఆ ఆరోపణ విని ఆ ప్రాంత దళితులెవరూ ఆశ్చర్యపోలేదంటే, కుండ అంటే అక్కడ ఏమిటో అర్థం చేసుకోవచ్చు.

చట్టం ఏమంటుందో విద్యార్థి మిత్రులు గుర్తుపెట్టుకోవాలి. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, ఊరి ఉమ్మడి వనరులను దళితులు వాడుకోకుండా అడ్డుకోవడం నేరం. ఆ జాబితాలో నది, బావి, చెరువు, కుళాయితో పాటు నీటి తొట్టి కూడా విడిగా ఉంది. అయితే ఇంటి ఆవరణలో కట్టుకున్న సొంత టాంకా ఉమ్మడి వనరు కాదు. ఆధిపత్య కులాలకు అంత భూమి, అన్ని టాంకాలు ఉన్నప్పుడు ఈ చట్టం చేయి అందేది కొంతవరకే. అందుకే దళితుల సొంత భూమిలో సొంత టాంకా అనేది అక్కడ ఆత్మగౌరవ ప్రశ్న. ఉపాధి హామీ పథకం కింద ఎస్సీ, ఎస్టీ కుటుంబాల భూముల్లో వ్యక్తిగత పనులుగా టాంకాలు తవ్వించడం బాడ్‌మేర్‌లో పెద్ద ఎత్తున జరిగింది. మా దృష్టిలో ఏ నీటి పథకం కంటే ఇది కులాన్ని ఎక్కువ కదిలించింది. మూత తాళంచెవి ఎవరి కొంగున ఉందన్నదే తేడా.

కానీ టాంకా కావాలంటే భూమి కావాలి. రాజస్థాన్ కౌలుదారీ చట్టం 1955లోని 42వ సెక్షన్ ఎస్సీల భూమిని ఎస్సీలు కానివాళ్లకు అమ్మడాన్ని నిషేధించింది. అయినా కబ్జాలు ఆగలేదు. 2015 మేలో నాగౌర్ జిల్లా డాంగావాస్‌లో భూమి తగాదా దళితుల ప్రాణాలు తీసింది. సొంత భూమి లేనివాళ్లకు మిగిలింది 'ఓరణ్'లు. అంటే దేవుడి పేర వదిలిన ఉమ్మడి బీళ్లు. మేక మేసేది, కేర్, సాంగ్రీ ఏరుకునేది అక్కడే. ఇప్పుడు ఆ బీళ్ల మీదికి సౌర విద్యుత్ కంచెలు వస్తున్నాయి. భడ్లా సోలార్ పార్కు ఒక్కటే సుమారు 14 వేల ఎకరాలు. బికనేర్ వైపు పలకల కోసం జమ్మిచెట్లు నరుకుతున్నారని ఆందోళనలు జరుగుతున్నాయి. 1730లో ఖేజడ్లీ గ్రామంలో జమ్మిచెట్లను కావలించుకుని 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చిన నేల అది. పట్టా ఉన్న ఆసామికి కంపెనీ కౌలు కడుతుంది. బీడులో మేక మేపుకునే మేఘవాల్ మహిళకు ఏ కాగితంలోనూ పేరు లేదు కాబట్టి పరిహారమూ లేదు. ఓరణ్‌లను గుర్తించి అడవులుగా నోటిఫై చేయాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజస్థాన్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అడవిగా మారాక మేకల్ని లోపలికి రానిస్తారా అన్న భయం కాపరులకు ఉంది, అది ఉత్త భయమని మేమనం.

సరిహద్దు కంచె అవతల, పాకిస్తాన్‌లోని థార్‌పార్కర్‌లోనూ ఇదే ఇసుక, ఇదే సజ్జ, ఇదే మేఘవార్, భీల్, కోల్హీ జనం. అక్కడి నగర్‌పార్కర్ నుంచి వచ్చిన కృష్ణకుమారి కోహ్లీ 2018లో సెనేటర్ అయ్యారు. చిన్నప్పుడు ఆమె కుటుంబం ఒక భూస్వామి దగ్గర వెట్టిలో బందీగా గడిపింది.

ఎడారి ప్రాంతాలకు అధ్యయనానికి వెళ్లే విద్యార్థులకు మాదొక్కటే సూచన. వంటకాల పేర్లు రాసుకోండి, తప్పులేదు. దాంతోపాటు ఢాణీలో ఎన్ని టాంకాలున్నాయి, ఏవి ఎవరి భూమిలో ఉన్నాయి, ఎండాకాలంలో మూత ఎవరు తీస్తారు, మేకలు ఏ బీడుకు పోతున్నాయి, ఆ బీడు సర్వే రికార్డులో ఏమని రాసి ఉందో కూడా అడిగి రాసుకోండి. మధ్యలో మేకపాల చాయ్ ఇస్తే, వాళ్ల గ్లాసులోనే తాగండి.