'శాంతి' మూడుసార్లు ఎందుకంటే...

పూజ అయిపోయాక పంతులుగారు చివర్లో శాంతి అనే మాటను మూడుసార్లు పలుకుతారు. హారతి కళ్లకద్దుకునే తొందరలో మనం దాన్ని పట్టించుకోం. ఒక్కసారి అంటే చాలదా, మూడుసార్లు ఎందుకు? పెద్దలు చెప్పే అర్థం వింటే, ఆ మాట గల్ఫ్‌లో ఉన్నవాళ్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

మనిషికి మూడు వైపుల నుంచి తాపాలు వస్తాయట. మొదటిది ఆధ్యాత్మికం. ఈ మాట వినగానే భజన, ప్రవచనం గుర్తొస్తాయి గానీ ఇక్కడ దానర్థం తన లోపలి నుంచి వచ్చేది అని. నడుం నొప్పి, పట్టని నిద్ర, ఇంటి మీద బెంగ, నెల తిరిగేసరికి గుర్తొచ్చే వడ్డీ. రెండోది ఆధిభౌతికం. అంటే తోటి ప్రాణుల వల్ల కలిగేది. ఫోర్‌మన్ తిట్లు, ఏజెంటు మోసం, రూమ్‌లో గ్యాస్ స్టవ్ దగ్గర కొట్లాట, చివరికి దేశాల మధ్య యుద్ధం కూడా ఇందులోదే. మూడోది ఆధిదైవికం. ఎండ, గాలిదుమారం, వాన... మన చేతిలో లేనివి. 2024 ఏప్రిల్ 16న యూఏఈలో పడ్డ వాన గుర్తుందిగా? అల్ ఐన్ దగ్గర ఒక చోట ఒక్కరోజు తిరక్కుండానే 254 మిల్లీమీటర్లు కురిసింది. ఎడారిలో మోకాలి లోతు నీళ్లలో నడిచి డ్యూటీకి పోయినవాళ్లు మనవాళ్లలో ఎందరో!

ఈ మూడూ చల్లబడాలని మూడుసార్లు. ఇందులో మూడోదాన్ని మనం ఆపలేం. రెండోది సగం మన చేతిలో ఉంది, సగం లేదు. మొదటిది మాత్రం మనదే.

ప్రపంచ శాంతి మనకెందుకు?

"ప్రపంచ శాంతి మాట పెద్దోళ్లు జూసుకుంటరు గని, మన శాంతి సంగతి జెప్పండి సారూ" అనేవాళ్లుంటారు. నిజానికి ప్రపంచ శాంతి అవసరం దిల్లీలో కూర్చున్నవాళ్ల కంటే క్యాంపులో ఉన్నవాళ్లకే ఎక్కువ. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నది అక్కడే వదిలేసి కట్టుబట్టలతో బయటపడ్డారు మనవాళ్లు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో దాదాపు 1,70,000 మంది భారతీయులు ఇల్లు చేరారు. కడప జిల్లా ఊళ్లలో ఆ రోజుల కథలు చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అంత వెనక్కి పోనక్కర్లేదు. 2025 మే 7 నుంచి 10 దాకా భారత్, పాకిస్తాన్ల మధ్య కాల్పులు జరిగాయి. ఆ నాలుగు రోజులు ఇక్కడ ఒకే సైటులో రెండు దేశాల వాళ్లూ పక్కపక్కనే పనిచేశారు. కొన్నిచోట్ల ఒకే క్యాంపులో పడుకున్నారు, ఒకే బస్సెక్కారు. ఆ నెల తర్వాతి నెల, జూన్ 23న ఖతార్‌లోని అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వదిలింది. ఆకాశమార్గం మూసేశారు. ఊళ్లో అమ్మ ఫోన్ పెట్టకుండా ఏడ్చిన రాత్రి అది. కాబట్టి ప్రపంచ శాంతి అంటే మనకు ఉపన్యాసం కాదు, వచ్చే నెల జీతం.

గీత యుద్ధం చేయమంది కదా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. భగవద్గీత పుట్టింది యుద్ధభూమిలో. అర్జునుడు విల్లు కింద పడేస్తే కృష్ణుడు తీయమన్నాడు. మరి అందులో శాంతి ఎక్కడుంది?

జవాబు కోసం రెండు అడుగులు వెనక్కి, రెండడుగులు ముందుకు వెళ్లాలి. వెనక్కి వెళితే ఉద్యోగపర్వం. మన ఊళ్లలో రాత్రంతా ఆడే పద్యనాటకం ఎవరికి తెలియదు? తిక్కన తెనిగించిన ఆ కథనే తిరుపతి వేంకట కవులు నాటకాలుగా రాస్తే, హార్మోనియం పెట్టె పక్కన గోనెసంచి పరుచుకుని పల్లెలన్నీ విన్నాయి. కృష్ణుడు రాయబారానికి పోయింది యుద్ధం తప్పించాలనే. న్యాయంగా సగం రాజ్యం రావాలి. అది ఇవ్వకపోతే అయిదూళ్లైనా చాలన్న మాట వరకు దిగారు పాండవులు. దుర్యోధనుడు దానికీ ఒప్పుకోలేదు. అంటే శాంతి కోసం ఎంత తగ్గాలో అంత తగ్గారు, హక్కును మాత్రం వదులుకోలేదు.

ఇక ముందుకు వెళితే శాంతిపర్వం. మహాభారతంలో అన్నిటికన్నా పెద్ద పర్వం అదే. పద్దెనిమిది రోజుల యుద్ధం అయిపోయింది, ధర్మరాజు గెలిచాడు. గెలిచినవాడు సింహాసనం ఎక్కి సంబరపడాలి కదా? కాదు. ఈ రాజ్యం నాకొద్దు, అడవికి పోతానని కూర్చున్నాడు. తమ్ముళ్లు, ద్రౌపది, కృష్ణుడు, వ్యాసుడు అందరూ నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గర పాఠం చెప్పించుకోవాల్సి వచ్చింది.

ఊళ్లో డాబా లేచింది, బిడ్డ పెళ్లయింది, అప్పు తీరింది. అయినా రాత్రి పన్నెండింటికి పైమంచం మీద కళ్లు తెరుచుకుని పడుకున్న అన్నలను అడగండి, ధర్మరాజు ఎందుకలా అన్నాడో వాళ్లు చెబుతారు.

ఒక ఫోన్ కాల్ నుంచి హురూబ్ దాకా

గీత రెండో అధ్యాయంలో కోపం ఎలా పుడుతుందో మెట్టు మెట్టుగా చెప్పారు. ఒకదాన్ని గురించి అదేపనిగా తలుచుకుంటే దాని మీద పట్టు పెరుగుతుంది. పట్టు నుంచి కోరిక, కోరిక తీరకపోతే కోపం. కోపంలో మంచిచెడ్డలు తోచవు, నేర్చుకున్నది గుర్తుండదు, ఆలోచించే శక్తి పోతుంది, ఆపై మనిషే చెడిపోతాడు.

దీన్ని మన భాషలోకి తెచ్చుకుందాం. రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే, తాను పంపిన పైసలతో తమ్ముడు బండి కొన్నాడని తెలిసింది. ఫోన్ పెట్టేశాడు గానీ మాట పెట్టేయలేదు. తెల్లారి సైటులో చువ్వలు కడుతున్నా అదే మాట. మధ్యాహ్నానికి అది "నేనిక్కడ ఎండల సస్తుంటే..." అయింది. మూడింటికి ఫోర్‌మన్ మామూలుగా అరిచినా తనను ఊరంతా కలిసి తిట్టినట్టుంది. ఎదురు తిరిగాడు, చెయ్యి లేపాడు, క్యాంపు వదిలి పోయాడు. సౌదీలోనైతే హురూబ్ పడుతుంది. అకామా పనికిరాకుండా పోతుంది. తమ్ముడి బండి ఎక్కడ, ఈ తిప్పలు ఎక్కడ!

గీత చెప్పిన ఈ గొలుసులో తెంపగలిగేది మొదటి లంకే. కోపం వచ్చాక ఆపుకోవడం మహర్షులకే కష్టం, విశ్వామిత్రుడి కథ వినలేదా? అదేపనిగా తలుచుకోవడం దగ్గరే మనసు చెయ్యి పట్టుకుని పక్కకు తేవాలి. అలా అంటే అర్జునుడికీ సందేహమొచ్చింది, ఆరో అధ్యాయంలో. గాలిని మూటగట్టడం ఎంత కష్టమో మనసును పట్టడం అంత కష్టమయ్యా అన్నాడు. కృష్ణుడు అవునని ఒప్పుకున్నాడు కూడా! అయితే అభ్యాసం, వైరాగ్యం రెండూ ఉంటే వశమవుతుందన్నాడు.

వైరాగ్యమంటే ఇక్కడ మనవాళ్లు ఎంతో సులువుగా వాడే 'ఖల్లివల్లి' కాదు. ఏమైతే నాకేంటి అని వదిలేయడం బద్ధకం. పని పూర్తిగా చేసి, ఇంటికి పంపాల్సింది పంపి, ఆపైన జరిగేది తన చేతిలో లేదని తెలుసుకోవడం వైరాగ్యం.

ఎనిమిది మంచాల గదికి నాలుగు సూత్రాలు

పతంజలి యోగసూత్రాలు అడవిలో ఒంటరిగా ఉండేవాళ్లకే అనుకుంటాం. మొదటి పాదంలో ఒక సూత్రం చూస్తే ఆయనకు షేరింగ్ రూమ్ బాధలు తెలుసేమో అనిపిస్తుంది. నలుగురి మధ్య బతికేవాడి మనసు తేటగా ఉండాలంటే నాలుగు రకాల మనుషులతో నాలుగు రకాలుగా ఉండాలంటాడు. సుఖంగా ఉన్నవాడితో మైత్రి. దుఃఖంలో ఉన్నవాడి మీద కరుణ. మంచి చేసేవాణ్ని చూసి ముదిత, అంటే సంతోషం. చెడు చేసేవాడి పట్ల ఉపేక్ష.

కరుణ మనవాళ్లకు కొత్తగా నేర్పనక్కర్లేదు. ఎవరైనా పోతే శవం ఊరికి పంపడానికి తలా పది దిర్హాములు వేసుకునేది మన క్యాంపులే. కష్టమైనది మొదటిది. నాతో కలిసి విమానం ఎక్కినోడికి జీతం పెరిగింది, నాకు పెరగలేదు. ఇద్దరిదీ ఒకే మండలం. అక్కడ మైత్రి చూపడం ఉపవాసం కంటే కష్టం. అసూయకు కడుపు మంట అని పేరు పెట్టినవాళ్లు అనుభవించే పెట్టారు.

ఉపేక్ష అన్నమాటను కూడా సరిగా పట్టుకోవాలి. తాగొచ్చి తిట్టేవాడికి, వాట్సప్‌లో మతాల మధ్య, దేశాల మధ్య మంట పెట్టే వీడియోలు పంపేవాడికి బదులివ్వకుండా ఉండటం ఉపేక్ష. ఇది మనసుకే కాదు, ఒంటికీ మంచిది. యూఏఈలో మతద్వేషం రెచ్చగొట్టే మాటలకు, పోస్టులకు చట్టం కఠినంగా ఉంది. ఫార్వర్డ్ చేసినవాడు "నేను రాయలే" అంటే వినరు. పాకిస్తానీ డ్రైవరు తన తల్లికి ఫోన్ చేసి కళ్లు తుడుచుకుంటుంటే అందులో శత్రుదేశం కనబడదు. అందరిలో తననే చూడమని ఈశావాస్యోపనిషత్తు చెప్పింది ఇలాంటి చోట్ల పనికొచ్చే మాట.

ఏడాది కాంట్రాక్టు మీద వచ్చిన మనిషి

గీతను చేతపట్టుకుని వలస బతుకు బతికిన వాళ్లలో అందరికీ తెలిసిన పేరు గాంధీ. ఆయన 1893లో దక్షిణాఫ్రికా వెళ్లింది ఏడాది కాంట్రాక్టు మీద, ఒక గుజరాతీ ముస్లిం వ్యాపారి కంపెనీ పనికి. జీతం 105 పౌండ్లు, రానుపోను ఖర్చులు. ఏడాదికని వెళ్లి 1914 దాకా ఉండిపోయాడు. మనకు తెలిసిన కథే కదూ!

అక్కడ మద్రాసు వైపు నుంచి కూలి ఒప్పందాలపై వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు వేలమంది. 1894లో బాలసుందరం అనే తమిళ కూలీ, యజమాని కొట్టిన దెబ్బలకు పళ్లు ఊడి, నెత్తురోడుతూ గాంధీ దగ్గరకు వచ్చాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. దొరల ముందు అలా నిలబడాలని అలవాటు. గాంధీ ముందు ఆ తలపాగా కట్టుకోమన్నాడు.

ఫలితం ఆశించకుండా కర్మ చేసుకో నాయనా అని చెప్పి పంపేయలేదు. డాక్టరు సర్టిఫికెట్ తీసుకున్నాడు, మేజిస్ట్రేటు దగ్గరకు తీసుకెళ్లాడు. అలాగని యజమానిని జైల్లో పెట్టించాలనీ పట్టుబట్టలేదు. బాలసుందరానికి ఆ చాకిరీ నుంచి విముక్తి, ఇంకో యజమాని దగ్గర పని కావాలన్నాడు, సాధించాడు.

జీతం మూడు నెలలు ఆపిన కంపెనీవాడు కర్మయోగం చెబితే నమ్మకండి. ఫలితం మీద ఆశ వద్దంటే కూలి అడగొద్దని కాదు. అడిగేటప్పుడు మనసు ఉడికిపోకుండా, కాగితాలు సరిగా పట్టుకుని అడగమని. యూఏఈలో సమ్మెకు చట్టం ఒప్పుకోదు, జీతం బ్యాంకు ద్వారా చెల్లించే పద్ధతి మాత్రం 2009 నుంచి ఉంది. లేబర్ శాఖకు ఫిర్యాదు చేయడం తగాదా కాదు, అది మన రాయబారం. దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 80046342.

ఇన్ని పనుల్లో గీత చదివే తీరిక ఎక్కడిదంటారా? గాంధీ పళ్లు తోముకునే పదిహేను నిమిషాల్లో ఎదురుగా గోడకు శ్లోకాలు రాసిన కాగితం అతికించుకుని, రోజుకు కొన్ని చొప్పున పదమూడు అధ్యాయాలు నోటికి పట్టాడు. బాత్రూమ్ దగ్గర లైను కట్టే వాళ్లకు ఆ పదిహేను నిమిషాలు ఉన్నట్టే. (గీత చదివిన ఊపులో ఆయన తన బీమా పాలసీ కట్టడం మానేశాడు. మీరు మాత్రం ఆ పని చేయకండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదవశాత్తు మరణానికి 10 లక్షల రూపాయలుంది.)

వేసవిలో మధ్యాహ్నం విరామం కూడా ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. అందులో పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, గోడకు ఆనుకుని, వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ గమనిస్తూ కూర్చుంటే చాలు. పద్మాసనం రాకపోయినా ఫరవాలేదు. కువైట్ ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఈ విరామం కూడా దొరకదు. వాళ్లు గిన్నెలు కడుగుతూనే నామం తలుచుకుంటారు. అదీ అభ్యాసమే, అందులో తక్కువేమీ లేదు.

ఒక్క సంగతి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోవాలని ఆలోచన వచ్చినా అది ప్రవచనంతో తీరే జబ్బు కాదు. పక్క మంచం తమ్ముడికి చెప్పండి, డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఊళ్లో ఇంటివాళ్లకు అలా ఉంటే వాళ్లు 14416కు ఫోన్ చేసి మాట్లాడొచ్చు. మందు వేసుకుంటే భక్తి తగ్గదు.

గుడికి పోవాలనుకునేవాళ్లకు ఇప్పుడు దారి సులువైంది. 2022 అక్టోబరులో జెబెల్ అలీలో గుడి తెరిచారు. పక్కనే గురుద్వారా, చర్చిలు ఉన్నాయి. బర్‌దుబాయ్ పాత శివాలయం కూడా 2024 జనవరిలో అక్కడికే మారింది. అబుదాబి దగ్గర అబూ మురైఖాలో 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైన ఆలయానికి ఏడు ఎమిరేట్లకు గుర్తుగా ఏడు శిఖరాలు. భూమి ఇచ్చింది ముస్లిం పాలకుడు, ప్రధాన ఆర్కిటెక్ట్ క్యాథలిక్, ప్రాజెక్ట్ మేనేజర్ సిక్కు, పునాది డిజైన్ చేసింది బౌద్ధుడు, కట్టిన కంపెనీ పార్సీలది. సౌదీలో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు, అక్కడ ముస్లిమేతరుల బహిరంగ పూజకు అనుమతి లేదు. మైకులు, గుంపులు లేకుండా మంచం మీద కూర్చుని ఎవరి మటుకు వారు తలుచుకోవడమే. ఆదివారం సెలవున్న దుబాయ్, అబుదాబి వాళ్లు బయల్దేరేటప్పుడు ఎమిరేట్స్ ఐడీ జేబులో పెట్టుకోండి, రద్దీ ఉంటుంది కాబట్టి పొద్దున్నే పోండి.