మిసిసిపీ పుట్టిన చోట

సుమారు 2,340 మైళ్లు ప్రవహించు నదిని బాలురు రాళ్లపై అడుగులిడి దాటుదురన్న నమ్మశక్యమా? అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున వేసవి సెలవులలో ఇది నిత్యము కనవచ్చు దృశ్యము.

ఇటాస్కా సరస్సునుండి మిసిసిపీ వెలువడు చోట నీరు మోకాలి బంటి. వెడల్పు సుమారు 20 అడుగులు. సమీపమున నున్న బెమిడ్జి పట్టణమునుండి ఉదయమున బయలుదేరిన కుటుంబములు ఆ నీట ఆడి, పైన్ వృక్షముల నీడను భుజించి, సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును.

1832లో హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ ఈ నదీమూలమును కనుగొనెనని పుస్తకములు చెప్పును. కాని ఓజిబ్వే జాతికి చెందిన ఓజావిండిబ్ ఆయనకు మార్గదర్శి. ఆ జాతికి ఈ సరస్సు చిరపరిచితమే.

1891లో ఈ ప్రదేశము రాష్ట్రోద్యానమైనను గొడ్డలి ఆగలేదు. 1903లో కలప వర్తకుల ఆనకట్టవలన సరస్సు పొంగి తీరవృక్షములు ముంపునకు గురికాగా, ఉద్యానాధికారిణియైన 24 ఏండ్ల మేరీ గిబ్స్ తుపాకి బెదిరింపునకు వెరవక వారి నెదిరించెను. నేడచట నిలచిన వృద్ధ వృక్షముల వెనుక ఆమె ధైర్యమున్నది.

ఉపాధ్యాయులారా! విహారమునకు కొనిపోయినపుడు పిల్లలకు నీటిని చూపుట సులభము. దానికి దారి చూపినవారిని, దానిని కాపాడినవారిని గూడ చూపిననాడే విహారము విద్య యగును.