చింతచెట్టు కింద తాత అడిగిన ప్రశ్న

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి పోతే అక్కడ ఓ ముసలి చింతచెట్టు కనిపిస్తుంది. ఊళ్ళో మా బావిగట్టు మీదా అలాంటి చెట్టే ఉంది. అందుకేనేమో, కిందటేడు కార్తీకంలో నాన్నా నేనూ చెరో రెక్కా పట్టుకుని తాతను అక్కడికి తీసుకొచ్చినప్పుడు, ఆయన బెంచీ వద్దని ఆ చెట్టు దాపునే కూలబడ్డాడు. కుడికాలికి గుడ్డ చుట్టి ఉంది. పాదం నల్లబడింది. మోకాలి కింద తీసేయక తప్పదని డాక్టర్లు అప్పటికే చెప్పారు.

కాలు పోతుందని తాత ఏడవలేదు. ఒక్కటే అడిగాడు: "మత్తిస్తరంట గదరా, మళ్ళ లేస్తనా?"

బి.యస్సీ. చదువుతున్న మనవణ్ణి గదా, నాకు తెలుసనుకున్నాడు. నాకు తెలియదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే నాకు ఈ నగరపు ఆసుపత్రుల కథ దొరికింది. మిత్రులకు అదే చెప్పదలచుకున్నాను.

కథ మొదలయ్యేది కూడా షుగరు జబ్బుతోనే. నాలుగో నిజాం నాసిరుద్దౌలాకు మధుమేహం వచ్చిందట. యునానీ హకీములు చేతులెత్తేశారు. ఇంగ్లీషు మందు మింగనని నిజాం పట్టు. అప్పుడు రెసిడెన్సీ డాక్టరు మెక్లీన్ ఒక్క మందూ ఇవ్వకుండా, తిండి మార్చి జబ్బును అదుపులోకి తెచ్చాడని చెబుతారు. ఆ గురితోనే 1846లో హైదరాబాదు మెడికల్ స్కూలు వెలసింది. అందులో పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. తెల్లవాళ్ళ వైద్యాన్ని ఇక్కడి పిల్లలు ఇక్కడి భాషలో నేర్చుకున్నారన్నమాట. ఇరవై ఏళ్ళ తర్వాత, 1866లో, సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కట్టారు. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరే దానికి పెట్టారు.

ఇక తాత ప్రశ్న. అది తాత ఒక్కడిదే కాదు, ఒకప్పుడు లోకమంతటి ప్రశ్న. 1847లో ఎడింబరోలో సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫాం వాడుక మొదలుపెట్టాడు. మరుసటేడే ఇంగ్లాండులో కాలిగోరు తీయించుకోబోయిన పదిహేనేళ్ళ పిల్ల ఆ మత్తులోనే ప్రాణం విడిచింది. ఎందుకు చనిపోయింది? ముందు గుండె ఆగిందా, ముందు ఊపిరి ఆగిందా? యాభై ఏళ్ళపాటు డాక్టర్లు రెండు జట్లుగా చీలి వాదులాడుకున్నారు. గుండె అన్నవాళ్ళు నాడి పట్టుకు కూర్చున్నారు. ఊపిరి అన్నవాళ్ళు రొమ్ము వంక చూస్తూ కూర్చున్నారు.

ఈ తగవు తీర్చడానికి పూనుకున్నది లండనూ కాదు, పారిసూ కాదు, మన హైదరాబాదు. మెడికల్ స్కూలు పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లిచ్చి, లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే నిపుణుణ్ణి రప్పించాడు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, "ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే భయం లేదు" అని తేల్చారు.

నేను సైన్సు విద్యార్థిని గనుక తర్వాతి సంగతి కూడా చెప్పాలి. ఆ తీర్పు సగమే నిజం. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు పిల్లుల మీద పరీక్ష చేసి, మత్తు తక్కువగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయనే చెడగొట్టి చంపగలదని చూపించాడు. వందల పరీక్షలు చేసినా, ముందే ఒక మాటకు కట్టుబడిపోతే సగం నిజం కంటపడదు. అయినా "రోగి ఊపిరి మీద నుంచి చూపు తిప్పవద్దు" అన్న మాట వృథా పోలేదు. ఆ రోజుల్లోనే ఇక్కడ చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇవ్వడంలో ఆరితేరింది. మత్తు వైద్యంలో లోకంలోనే మొదటి మహిళల్లో ఆమె పేరు చెబుతారు. 1909లో పైచదువుకు ఎడింబరో కూడా వెళ్ళింది. క్లోరోఫాం మత్తు వాడుక మొదలైన ఊరికి క్లోరోఫాంలో చేయి తిరిగిన హైదరాబాదు మనిషి విద్యార్థినిగా పోవడం నాకు గర్వంగా తోచింది.

ఆమె అక్కడికి వెళ్ళడానికి ఏడాది ముందే, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగింది. ఒక్క రోజులో వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రీ పోయింది. ఆ ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలెక్కి నూటయాభై మంది దాకా బతికారు. తాత కూర్చున్నది ఆ చెట్టు దాపునే! ఆసుపత్రి కూలిన రోజున చెట్టే ఆసుపత్రి అయింది.

వరద వెళ్ళాక నగరం తెప్పరిల్లింది. విశ్వేశ్వరయ్యగారి సలహాతో వరదను ఆపే జలాశయాలు కట్టారు. విన్సెంట్ ఎష్ అనే శిల్పి గీసిన నమూనాతో, గుమ్మటాలతో, ఏడో నిజాం పేరిట 1925 నాటికి ఉస్మానియా ఆసుపత్రి లేచింది. ఒక్కటేమిటి, ఈ నగరంలో ఇంకొన్ని పెద్ద ఆసుపత్రుల వెనకా ఏదో ఒక ఆపద కనిపిస్తుంది. అంటురోగాల భయంతో 1915లో ఊరికి ఎడంగా క్వారంటైన్ దవాఖాన పెట్టారు. ఆ మాట నోరు తిరగక జనం 'కోరంటి' చేశారు. నల్లకుంట ఫీవరాసుపత్రిని మా ఊరివాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖాన అనే అంటారు. నిలోఫర్ రాకుమారి దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోయింది. ఇంకో తల్లికి ఆ గతి పట్టకూడదని రాకుమారి తపించింది. ఫలితం, 1953లో తల్లీపిల్లల ఆసుపత్రి. 1851లో సికింద్రాబాదులో చిన్న వైద్యశాలగా పుట్టిన గాంధీ ఆసుపత్రి 2003లో ముషీరాబాదుకు మారింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మొత్తంగా ఆ రోగులకే తలుపులు తెరిచింది.

మరి తాత సంగతి? 2020 జులై వానలకు నీళ్ళు వార్డుల్లోకి వచ్చాక గుమ్మటాల పాత భవనం మూసేశారు. తాతకు పక్క బ్లాకులో ఆపరేషను చేశారు. మత్తు డాక్టరమ్మ "పెద్దాయనా, నిద్రపుచ్చను. నడుములో సూది వేస్తా, కాళ్ళే మొద్దుబారతాయి" అంది. వేలికి చిన్న క్లిప్పు పెట్టింది. నాడి ఎంత కొడుతోందో, నెత్తురులో ప్రాణవాయువు ఎంత ఉందో రెండూ ఆ క్లిప్పే చూపుతుందట. గుండె జట్టు, ఊపిరి జట్టు యాభై ఏళ్ళు కొట్టుకున్న తగవు తాత వేలి మీద సర్దుకుంది. తాత మెలకువగానే ఉండి, వాళ్ళతో వడ్ల ధర గురించి మాట్లాడాడట!

తాత బతికాడు. కాలు మాత్రం పోయింది. అది ఎక్కడ పోయింది? ఆపరేషను గదిలో కాదు, మా పొలంలో. దసరాకు ముందు తుమ్మముల్లు దిగింది. నెత్తురులో చక్కెర ఏళ్ళతరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు చచ్చుబడతాయి, కాబట్టి నొప్పి తెలియదు. రక్తనాళాలు సన్నబడతాయి, కాబట్టి పుండు మానదు. తాతకు షుగరున్నట్టు మాకెవరికీ తెలియదు. పసుపు పెట్టాం. ఊళ్ళో సూదిమందు వేయించాం. "వరికోతలు అయినంక చూద్దాం లేరా" అన్నాడాయన. నొప్పి లేదు గదా అని మేమూ ఊరుకున్నాం. నేను దసరా సెలవులకు పోయి కూడా ఆ పాదం వంక చూడలేదు. ఆ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఇక్కడ ఇంకొకటి గుర్తుచేయాలి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాదు దగ్గర బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగికి, కుట్టిన ఒక్కొక్క దోమకు అణా చొప్పున ఇచ్చి ఆ పరీక్ష చేశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. జబ్బును ఆపాల్సింది ఆసుపత్రి మంచం దగ్గర కాదు, ఇంటి ముందరి నీటిగుంట దగ్గర అని ఆయన పరిశోధన చెప్పింది. షుగరు పుండుకూ ఇదే వర్తిస్తుంది. దాన్ని ఆపాల్సింది పొలం గట్టు మీద.

వరద వచ్చాక ఆసుపత్రి, అంటురోగం వచ్చాక ఆసుపత్రి, చావు చూశాక ఆసుపత్రి. మన నగరం ఆపద నుంచి నేర్చుకుంది, సందేహం లేదు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన కూడా జరిగింది. అది ఎంత ఎత్తు లేచినా, మా ఊరి మనిషి దాని గుమ్మం ముందుకు కాలు నల్లబడ్డాకే వస్తే లాభమేమిటి?

అందుకే పల్లెల నుంచి వచ్చిన మిత్రులకు నాదొక మనవి. ఈసారి సెలవులకు పోయినప్పుడు నలభై దాటినవాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి షుగరు చూపించండి. వేలి చివర ఒక్క చుక్క నెత్తురు చాలు. రాత్రి వాళ్ళు మంచం మీద కూర్చున్నప్పుడు అరికాళ్ళు దీపం వెలుతురులో చూడండి. పెద్దల పాదాలు ముట్టుకోవడం మనకు కొత్త కాదు గదా! దండం పెట్టి లేచేముందు ఒక్క నిమిషం ఆ పాదాలను చూడండి, చాలు.