నగరపాలక సంస్థ, భాగస్వామ్య సంస్థలు, స్థానిక ఆర్థికాభివృద్ధి: వీధి వ్యాపారం ఒక ఉదాహరణ

74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులో 18 అంశాలు ఉన్నాయని మీకు తెలుసు. వాటిలో మూడవది ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక రూపొందించడం. పదకొండవది పట్టణ పేదరిక నిర్మూలన. రాష్ట్ర శాసనసభలు ఈ పనులను పురపాలక సంఘాలకు, నగరపాలక సంస్థలకు అప్పగించవచ్చు. అప్పగించారనే అనుకుందాం. అప్పుడు కమిషనరుగారి చేతిలో ఏముంటుంది? రోడ్లు, మార్కెట్లు, ఖాళీ స్థలాలు, అనుమతులు ఇచ్చే అధికారం ఉంటాయి. అప్పులిచ్చే బ్యాంకు ఆయన కింద ఉండదు. ట్రాఫిక్ పోలీసులు ఆయన మాట వినాలన్న నియమమూ లేదు. ఏ సందులో ఎవరు ఏమి అమ్ముకుని బతుకుతున్నారో ఆయన రికార్డుల్లో కనిపించదు. కాబట్టి స్థానిక ఆర్థికాభివృద్ధి అనేది నగరపాలక సంస్థ ఒంటరిగా చేయగలిగిన పని కాదు. ఈ పాఠంలో ఆ భాగస్వామ్యం ఎలా నడుస్తుందో మీకు రోజూ కనిపించే వీధి వ్యాపారాన్ని తీసుకుని పరిశీలిద్దాం.

వీధి వ్యాపారం ఆర్థికాభివృద్ధి ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. పెద్ద పరిశ్రమ వస్తే అభివృద్ధి, తోపుడు బండి ఉంటే రద్దీ అని మనం అలవాటుగా అనుకుంటాము. ఒక కూరగాయల బండిని తీసుకోండి. ఆమె తెల్లవారుజామున హోల్‌సేల్ మార్కెట్లో సరుకు కొంటుంది. ఆటోకు కిరాయి ఇస్తుంది. వచ్చిన లాభంతో అదే వీధిలోని కిరాణా కొట్టులో బియ్యం కొంటుంది, పిల్లవాడి ఫీజు కడుతుంది. ఆమె సంపాదించిన రూపాయి ఊరు దాటకముందే నలుగురైదుగురి చేతులు మారుతుంది.

అయితే పెట్టుబడి ఎక్కడిది? చాలా పట్టణాల్లో ఇది రోజువారీ వడ్డీ వ్యాపారిది. ఉదయం 900 రూపాయలు చేతికిచ్చి, సాయంత్రం 1,000 తీసుకునే పద్ధతి మీలో కొందరికి ఇంట్లోనే తెలిసి ఉండవచ్చు. రోజుకు 100 చొప్పున నెలలో 25 రోజులు వ్యాపారం చేస్తే వడ్డీకే 2,500 రూపాయలు పోతాయి. దీనితో పోల్చడానికి బ్యాంకు అప్పును చూడండి. 10,000 రూపాయలను 12 శాతం వార్షిక వడ్డీకి తీసుకుని 12 నెలసరి వాయిదాల్లో తీరిస్తే, ఏడాది మొత్తానికి అయ్యే వడ్డీ సుమారు 660 రూపాయలు. అంటే వడ్డీ వ్యాపారికి ఏడు రోజుల్లో ఇచ్చే 700 కంటే తక్కువ. భాగస్వామ్యం కుదిరితే ఒక కుటుంబానికి మిగిలేది ఎంతో ఈ లెక్క చెబుతుంది.

చట్టం కూర్చోబెట్టిన బల్ల

వీధిలో వ్యాపారం చేసుకోవడం సహేతుకమైన పరిమితులకు లోబడి 19(1)(జి) అధికరణం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1989లో సోదాన్ సింగ్ కేసులో చెప్పింది. అయినా చాలాకాలం ఒక విచిత్రమైన పరిస్థితి నడిచింది. పురపాలక సంఘం ఒక చేత్తో బండివాడి దగ్గర ఆశీలు వసూలు చేసేది (తెలంగాణలో తైబజారు అంటారు). మరో చేత్తో అతన్నే ఆక్రమణదారు అని బండి ఎత్తుకుపోయేది. రసీదు ఇచ్చినవాడే దొంగ అన్నట్లు!

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఈ పరిస్థితిని మార్చడానికి ప్రయత్నించింది. దాని ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో టౌన్ వెండింగ్ కమిటీ ఏర్పడాలి. కమిషనరు అధ్యక్షుడు. సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి. వారిని వ్యాపారులే ఎన్నుకోవాలి. ఆ ప్రతినిధుల్లో మూడో వంతు మహిళలు. స్వచ్ఛంద సంస్థలకు, సామాజిక సంఘాలకు కనీసం 10 శాతం స్థానాలు. వీరితోపాటు ట్రాఫిక్ పోలీసు, ప్రణాళికా సంస్థ, వర్తక సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు, బ్యాంకులకు కూడా చోటు ఉంది. ఒకరితో ఒకరికి పడని వారందరినీ చట్టం ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టిందన్నమాట.

ఈ కమిటీ కనీసం అయిదేళ్లకు ఒకసారి వ్యాపారుల సర్వే చేయాలి. పట్టణ జనాభాలో 2.5 శాతం వరకు వ్యాపారులకు వెండింగ్ జోన్లలో చోటు కల్పించాలి. రెండు లక్షల జనాభా ఉన్న పట్టణంలో ఇది 5,000 మంది. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదు. తరలించవలసి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పరీక్షల్లో విద్యార్థులు తరచు వదిలేసే అంశం ఒకటి ఉంది: స్వాధీనం చేసుకున్న సరుకు పాడైపోయేదైతే, అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. టమాటాలు అమ్మేవారికి చట్టంలో ఇంతకంటే విలువైన వాక్యం లేదని నా అభిప్రాయం.

అప్పు ఎలా చేరుతుంది?

2020 జూన్‌లో కోవిడ్ లాక్‌డౌన్ నేపథ్యంలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. స్వనిధి పథకాన్ని ప్రారంభించింది. పూచీకత్తు లేకుండా మొదట 10,000 రూపాయలు, సకాలంలో తీరిస్తే 20,000, తరువాత 50,000 అప్పు. 7 శాతం వడ్డీ రాయితీ. ఈ పరిమితుల్లో కొన్నిటిని తరువాత పెంచారు. మనకు ముఖ్యమైనది పథకం నడిచిన తీరు. ఫలానా వ్యక్తి వీధి వ్యాపారి అని నగరపాలక సంస్థ ధ్రువీకరిస్తుంది. సర్వేలో పేరు లేనివారికి సిఫారసు లేఖ ఇస్తుంది. బ్యాంకు డబ్బు ఇస్తుంది. ఆ అప్పుకు రుణ హామీ ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ వ్యాపారులను గుర్తించి దరఖాస్తులు పూర్తిచేయించే పనిలో మెప్మా, దాని రిసోర్స్ పర్సన్లు ముందున్నారు. పొదుపు సంఘాల మహిళలకు ఏ ఇంట్లో ఎవరు ఏ వ్యాపారం చేస్తారో తెలుసు. ఆ సమాచారం ఏ కంప్యూటరులోనూ లేదు.

ఎక్కడ తెగుతుంది?

కొన్నేళ్ల క్రితం విద్యార్థులతో కలిసి ఒక కోస్తా పట్టణానికి వెళ్లాను. పేరు చెప్పను. ఊరి చివర చక్కటి రేకుల షెడ్లు, నంబర్లు వేసిన గట్లు, నీటి కుళాయి. అమ్మేవాళ్లు ముగ్గురే. మిగతావారంతా బస్టాండు దగ్గర పాత చోటే నిలబడి, పోలీసు జీపు వస్తే బండ్లు తోసుకుని పరుగెడుతున్నారు. షెడ్లు ఎక్కడ కట్టాలో మిమ్మల్ని అడిగారా అన్నాను. కమిటీలో తన పేరు ఉందని ఒకామెకు మా దగ్గరే తెలిసింది! "బస్సు దిగినోళ్లు కదయ్యా మా దగ్గర పళ్లు కొనేది. అక్కడికి ఎవరొస్తారు?" అంది. ఖర్చయింది ప్రజాధనం. కొరవడింది ఆ ఒక్క వాక్యం. దాన్ని చెప్పడానికే చట్టం ఆమెకు కమిటీలో కుర్చీ వేసింది.

లోపం అధికారులదే అనుకోకండి. 40 శాతం అంటే మెజారిటీ కాదు. సమావేశం పెట్టేది కమిషనరు కార్యాలయం. రోజు కూలీ పోగొట్టుకుని మధ్యాహ్నం సమావేశానికి రావడం వ్యాపారికి కష్టం. సంఘం బలంగా లేనిచోట ఎన్నికైన ప్రతినిధి కూడా సంతకానికే పరిమితమవుతాడు. బ్యాంకు మేనేజరు ఇబ్బంది వేరు: చిరునామా మారే మనిషికి అప్పిస్తే వసూలు ఎవరు చేస్తారన్నది ఆయన భయం. హామీ ఉన్నా ఆ భయం పోదు. పొదుపు సంఘం మధ్యవర్తిగా నిలిచినచోట అది తగ్గడం నేను గమనించాను.

అభ్యాసం: మీ పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉన్నదో లేదో పురపాలక కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఉంటే గత ఏడాదిలో ఎన్నిసార్లు సమావేశమైంది, వ్యాపారుల ప్రతినిధులు ఎందరు హాజరయ్యారు అనే వివరాలు సేకరించండి. తరువాత మీ వీధిలో ముగ్గురు వ్యాపారులను కలిసి వారి పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుందో, రోజుకు వడ్డీ ఎంత కడుతున్నారో అడిగి, పైన ఇచ్చిన పద్ధతిలో నెలకు లెక్కకట్టండి. వారి అనుమతి లేకుండా పేర్లు రాయవద్దు.