తెల్ల ఏరు, నల్ల ఏరు

బాలలారా! తరగతిలో రాముడనే పేరుగల పిల్లలు ఇద్దరుంటే ఏం చేస్తాం? పెద్ద రాముడు, చిన్న రాముడు అని పిలుస్తాం గదా! స్విట్జర్లండు దేశంలో రెండు కొండయేళ్ళకు సరిగా ఇలాగే పేర్లు పెట్టారు.

ఆ దేశంలోని ఆల్ప్సు పర్వతాలలో యుంగ్‌ఫ్రౌ అనే శిఖరం ఉన్నది. దాని ఎత్తు 4,158 మీటర్లు. ఆ ప్రాంతమంతా హిమానీనదాలు, అంటే మెల్లమెల్లగా కిందికి జారే మంచు ప్రవాహాలు. అవి కరిగిన నీటితో రెండు ఏళ్ళు పారుతున్నవి. రెండింటి పేరూ లూచినె. లౌటర్‌బ్రున్నెన్ లోయలో పారేది తెల్ల లూచినె. గ్రిండెల్‌వాల్డు వైపునుంచి వచ్చేది నల్ల లూచినె.

నీటికి ఈ రంగులెలా వచ్చినవి? హిమానీనదం జారేటప్పుడు దాని అడుగున చిక్కిన రాళ్ళు, తిరగట్లో గింజలలాగా నలిగి పిండి అవుతవి. ఆ పిండి చాలా మెత్తన. త్వరగా అడుక్కు దిగదు. వేసవిలో మంచు బాగా కరిగినప్పుడు, లేతరంగు రాతి పిండి కలిసిన నీరు పాలు కలిపినట్టుంటుంది. గ్రిండెల్‌వాల్డు వైపు నల్లని పలకరాయి ఎక్కువ. అందుచేత ఆ నీరు నల్లబారుతుంది.

రెండు ఏళ్ళూ కలిసే చోట ఒక ఊరున్నది. దాని పేరు ట్స్వైలూచినెన్. జర్మన్ భాషలో 'ట్స్వై' అంటే రెండు. రెండు లూచినెల ఊరన్నమాట! అక్కడినుంచి ఒక్కటే ఏరై బ్రియెంజ్ సరస్సులో పడుతుంది. ఆ నీరు ఆరె నదిగా సాగి, రైను నదిలో కలిసి, చివరకు ఉత్తర సముద్రం చేరుతుంది.

తెల్ల లూచినె లోయలో 297 మీటర్ల ఎత్తునుంచి దూకే జలపాతం ఉన్నది. గాలికి ఆ నీరు తుంపరలై చెదిరిపోతుంది. అందుకే దానికి ష్టౌబ్‌బాఖ్, అంటే 'ధూళి వాగు' అని పేరు.

ఇక లోయ పేరు చూడండి. 'బ్రున్నెన్' అంటే ఊటలు. 'లౌటర్' అనే మాటకు రెండు అర్థాలున్నవి. ఒకటి 'నిర్మలమైన', రెండవది 'అన్నీ అవే'. ఈ లోయలో 72 జలపాతాలున్నవని చెబుతారు. కనుక 'అన్నీ ఊటలే' అనే అర్థం సరిగా అతికినట్టు తోస్తుంది. కాని 1240వ సంవత్సరపు లాటిన్ పత్రంలో ఈ చోటును 'నిర్మలమైన ఊట' అనే అర్థం వచ్చే మాటలతో రాశారు. చిక్కు విడిపోయింది! ఒక్క పాత కాగితం ఎంత పని చేసిందో చూశారా?

ఇప్పుడొక విచారకరమైన సంగతి. భూమి వేడెక్కుతున్నది. 2022, 2023 సంవత్సరాలలో, ఆ రెండేళ్ళలోనే, స్విట్జర్లండు హిమానీనదాలు తమ మంచులో నూటికి 10 వంతులు పోగొట్టుకున్నవి. మంచు తిరగలి ఆగిపోతే రాతి పిండి ఉండదు; ఏటికి ఆ పాలరంగూ ఉండదు. అప్పుడు అక్కడి పిల్లలు, "దీన్ని తెల్ల ఏరని ఎందుకన్నారు?" అని అడుగుతారు. జవాబు ఆ పేరులోనే దాగి ఉంటుంది.

మీ ఊరి వాగుకు ఆ పేరెలా వచ్చిందో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. వాళ్ళు చెప్పింది తేదీ వేసి నోటుపుస్తకంలో రాసి ఉంచండి. రేపు ఒక చిక్కు విప్పే పాత కాగితం మీదే కావచ్చు!