మీసా రోజుల కరపత్రం

1975లో నాకు పదహారేళ్లు. కర్నూలు పాతబస్తీలో ఒక చిన్న అచ్చాఫీసులో కంపోజిటరు పని నేర్చుకుంటున్నా. శుభలేఖలు, మండీ బిల్లుబుక్కులు, బళ్ల పరీక్ష పేపర్లు, అప్పుడప్పుడూ జాతర నోటీసులు, ఇవే మా బతుకు. ఎడమ చేతిలో స్టిక్కు, కుడి చెయ్యి కేసు గడుల మీద. తెలుగు కేసంటే మాటలా? అక్షరాలకు వేరే, గుణింతాలకు వేరే, వత్తులకు వేరే గడులు. కళ్లు మూసుకుని కావలసిన అక్షరం తీయడం వచ్చేదాకా జీతం మాట ఎత్తకూడదు.

ఆ ఏడు ఏప్రిల్‌లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. మూడు నెలలైనా తిరక్కముందే, జూన్ 25 రాత్రి, ఎమర్జెన్సీ వచ్చింది. తెలుగుకు పండగ చేసిన సంవత్సరంలోనే తెలుగులో నాలుగు ముక్కలు అచ్చేయాలంటే భయపడాల్సి వచ్చింది.

మొదట్లో మాకు 'మీసా' అంటే నవ్వొచ్చేది. సీమలో మీసానికున్న మర్యాద ఇంకదేనికుంది? "ఓయబ్బా, మీసాలోళ్లను పట్టుకపోతాండారంట, తీసేయ్, తీసేయ్" అని మంగలి అంగట్లో జోకులు. అసలు సంగతి మెల్లగా తెలిసింది. 1971లో చేసిన అంతర్గత భద్రతా చట్టానికి ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే మీసా. దాని కింద మనిషిని తీసుకుపోతే ఎందుకో చెప్పక్కర్లేదు, విచారణ అక్కర్లేదు. పోనీ కోర్టుకు పోయి మావాణ్ని చూపించండని అడుగుదామంటే, 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఆ తలుపు కూడా మూసేసింది. ఐదుగురు జడ్జీల్లో నలుగురు సర్కారు వైపే. కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. తర్వాత ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ను దాటిపోయింది.

ఎమర్జెన్సీ మీద తర్వాత విచారణ జరిపిన షా కమిషన్ లెక్కలో దేశం మొత్తం మీద మీసా కింద పోయినవాళ్లు దాదాపు 35 వేలు, దేశరక్షణ నిబంధనల కింద పోయినవాళ్లు 75 వేల పైచిలుకు. మన రాష్ట్రంలో వరవరరావు లాంటి విరసం (విప్లవ రచయితల సంఘం) రచయితలూ లోపలే, నెల్లూరు విద్యార్థి నాయకుడు వెంకయ్యనాయుడూ లోపలే. బయట ఉంటే ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు, ఒకే చట్టం కింద పోయారు. ఆదిలాబాదు జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు నక్సలైట్ రైతుల ఉరి ఆపమని దేశ విదేశాల నుంచి విజ్ఞప్తులు వెళ్లాయి. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో వాళ్లను ఉరి తీశారు. మా ప్రెస్సుకు రోజూ పేపరు వచ్చేది, రోజూ చదివేవాణ్ని. సర్కారు ఇరవై సూత్రాల కార్యక్రమం గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. ఈ ఇద్దరి పేర్లు నాకు తెలిసింది మాత్రం 1977 తర్వాతే.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. మా వీధిలో ఎమర్జెన్సీని తిట్టినవాళ్లు తక్కువ. రైలు టైముకొస్తోంది, ఆఫీసులో గుమాస్తా కుర్చీలో ఉంటున్నాడు, ఇంకేం కావాలి అనేవారు. ఢిల్లీ చుట్టుపక్కల బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జనాన్ని ఊళ్లొదిలి పరిగెత్తించినట్టు ఇక్కడ పరిగెత్తించలేదు. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు గట్టి పాలకుడని పేరు. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర గొడవలతో అలిసిన జనానికి ఆ నిమ్మళం బాగానే అనిపించింది. కమ్యూనిస్టుల్లో సీపీఐ ఎమర్జెన్సీని సమర్థించింది కూడా. అణచివేత మన గడపలోకి రాకపోతే అది లేనట్టే లెక్క వేసుకున్నాం. నేనూ అంతే.

అది గడపలోకి వస్తే ఎట్లుంటుందో తర్వాతెప్పుడో విన్నా. మా తమ్ముడి కొడుకు కొన్నాళ్లు ఆఫ్రికాలో మలావీ దేశంలో ఒక కంపెనీలో లెక్కలు రాశాడు. అక్కడ హేస్టింగ్స్ బండా అనే ఆయన 1971లో తనను తాను జీవితకాల అధ్యక్షుడిగా ప్రకటింపజేసుకున్నాడు. ఒకటే పార్టీ. ఆ పార్టీ కార్డు చేతిలో లేకపోతే బస్సెక్కనివ్వరు, సంతలోకి పోనివ్వరు. మగాళ్లు జుట్టు పెంచకూడదు, ఆడవాళ్లు ప్యాంటు వేయకూడదు. 1993లో జనం ఓటేసి బహుళ పార్టీలు కావాలన్నారు, మరుసటి ఏడు ఆయన ఓడిపోయాడు. ఇదంతా అక్కడి ముసలి వాచ్‌మన్ మావాడికి చెప్పాడట. "పెదనాయనా, కార్డు ఇంట్లో మరిచిపోయి ఉప్పు లేకుండా తిరిగొచ్చిన రోజులు ఆయనకింకా గుర్తున్నాయి" అన్నాడు మావాడు. మనకు అంత దూరం రాలేదు. వచ్చినది ఇరవై ఒక్క నెలలు. పైగా 1977 జనవరి 18న ఇందిరాగాంధీయే ఎన్నికలు ప్రకటించింది. ఓడిపోయాక దిగిపోయింది. ఆ మాట కూడా చెప్పకపోతే అన్యాయం.

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం నంద్యాల నుంచి ఒకాయన వచ్చాడు. చొక్కా లోపల మడిచిన రెండు పేజీల కాగితం. నీలం సంజీవరెడ్డికి ఓటేయమని కరపత్రం. అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి సంజీవరెడ్డి. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ప్రకాశం పంతులు కింద ఉపముఖ్యమంత్రి. ఆ రోజుల్లో ఆఫీసులు గుడారాల్లో ఉండేవి, మా ప్రెస్సాయన ఆ గుడారాల మధ్య ఆయన్ని చూశాడు. 1956లో ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి, 1969లో కాంగ్రెస్ అభ్యర్థిగా రాష్ట్రపతి పోటీలో నిలబడి వి.వి. గిరి చేతిలో ఓడి, సొంతూరు పోయి సేద్యం చేసుకున్నాడు. ఇప్పుడు జనతా పార్టీ తరఫున నంద్యాలలో నిలబడ్డాడు.

మా ప్రెస్సాయన కాగితం మూడుసార్లు చదివాడు. అందులో భయపడే మాటేమీ లేదు. చిక్కంతా కింది వరసలో ఉంది. కరపత్రం అడుగున అచ్చేసిన ప్రెస్సు పేరు ఉండి తీరాలి, అది చట్టం. జైళ్ల నుంచి నాయకులు బయటికొచ్చారు గానీ ఎమర్జెన్సీ ఇంకా ఎత్తేయలేదు. రేపు ఆమే మళ్లీ గెలిస్తే? "నంద్యాలలో ప్రెస్సులే లేవాన్నా?" అనడిగాడు. వచ్చినాయన, "రెండు చోట్ల అడిగితిని. మిషను చెడిపోయిందన్నారు" అన్నాడు. మా ట్రెడిల్ వైపు ముగ్గురం చూశాం. అదప్పుడే ఎవరిదో శుభలేఖ నూటయాభయ్యోది అచ్చేసి నిలబడి ఉంది. చెడిపోయిందనడానికి వీల్లేదు.

"కంపోజు చెయ్ అబ్బీ. కింది వరస మాత్రం ఇప్పుడే పెట్టొద్దు" అన్నాడు.

రాత్రి బల్బు కింద కూర్చున్నా. జనతా, జనం, జయప్రకాశ్. రెండో పేరాలో 'జ' గడి ఖాళీ. సంజీవరెడ్డిలోని 'జీ' వేరే గడిది కాబట్టి అభ్యర్థి పేరుకు లోటు రాలేదు గానీ, పార్టీ పేరుకే అక్షరం లేదు. చివరి మూడు చోట్ల పెద్ద సైజు 'జ' తెచ్చి ఇరికించా. ప్రూఫు తీస్తే ఆ మూడూ లావుగా, ఎవరో గొంతు పెంచినట్టు కనిపించాయి. ప్రెస్సాయన చూసి, "పోనీలే, అట్లనే ఉండనీ" అన్నాడు. తెల్లవారుజామున నన్ను లేపి కింది వరస ఆయనే స్టిక్కులో పేర్చాడు. పేరు, ఊరు. చేతులు సీసం మసితో నల్లగా ఉన్నాయి, కొంచెం వణికాయి. మూడు వేలు వేశాం. మాకు ఏమీ కాలేదు. ఎవరూ రాలేదు, అడగలేదు. ఇంతకీ ఆయన భయపడింది జరగనిదానికి. భయం పని చేసే తీరే అది.

ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ గుర్తు ఆవు-దూడ. జనతాకు సొంత గుర్తు లేక భారతీయ లోక్‌దళ్ గుర్తు మీద పోటీ చేసింది, చక్రంలో నాగలి మోసే రైతు. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది, రాయబరేలీలో ఇందిరాగాంధీయే ఓడింది. ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. ఓడినది పెండేకంటి వెంకటసుబ్బయ్య, చిన్నా చితకా మనిషి కాదు. నంద్యాల ఒక్కటే నియంతృత్వాన్ని కనిపెట్టిందని నేననను. సంజీవరెడ్డి మన సీమ మనిషి, పాత పెద్దమనిషి, ఆ అభిమానమే ఎక్కువ పని చేసింది. అయినా ఒక్కటి మిగిలింది.

ఆ ఒక్కటీ ఎంత దూరం పోయిందో చూడండి. సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకరయ్యాడు, జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు. రాజ్యాంగానికి 44వ సవరణ మీద 1979 ఏప్రిల్ 30న ఆమోదముద్ర వేసింది ఆయనే. ఇప్పుడు 'అంతర్గత కల్లోలం' అని సాకు చెప్పి ఎమర్జెన్సీ పెట్టడం కుదరదు, సాయుధ తిరుగుబాటే ఉండాలి. ఎమర్జెన్సీలో కూడా మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ ఉన్న హక్కును ఎత్తిపెట్టలేరు. 1976లో కోర్టు మూసిన తలుపు అట్లా తెరుచుకుంది.

నా దగ్గర ఆ కరపత్రం ఒకటి చాలా ఏళ్లు ఉండేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు ప్రెస్సు అటక దాకా నీళ్లు. సీసం అక్షరాలు బురదలో దొరికాయి, కాగితాలు దొరకలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు ఎవరింట్లోనైనా పాత ట్రంకు పెట్టెలో 1977 నాటి కరపత్రాలుంటే పాత పేపర్ల వాడికి వేయకండి. చివరి మూడు 'జ'లు లావుగా ఉంటే, అది మాదే.